మొదట చరిచిన చెయ్యి

జపానులోని కురోత్సు రేవులో చేపల వేలం నోటితో తెగదు, చేతులతో తెగుతుంది. వేలంపాట నడిపేవాడు పై ధర నుంచి కిందికి దించుకుంటూ వస్తాడు. నచ్చిన చోట కొనేవాడు గట్టిగా ఒక్కసారి చేతులు చరుస్తాడు. ఎవరి చప్పుడు ముందు వినబడితే సరుకు వాళ్లది. ఆ తర్వాత ఇంట్లో పెళ్లాం తిట్టినా, బుట్ట తిరగేస్తే అడుగున పిల్లచేపలు బయటపడినా, సూర్యుడు పడమట పొడిచినా ఆ చరుపు వెనక్కి పోదు. అందుకే ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా ఊరికే చేతులు చరవద్దని చెబుతారు. పెళ్లిళ్లలో సైతం ముందు ఎవరో ఒక పెద్దమనిషి చరిచాకే మిగతావాళ్లు అందుకుంటారు.

అలాంటి ఊళ్లో సింఫొనీ ఆర్కెస్ట్రా పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. బడిపంతుళ్లు కొందరు, చేపల డబ్బాల ఫ్యాక్టరీ బ్యాండులో బూరలు ఊదేవాళ్లు కొందరు, టోక్యోలో సంగీతం చదువుకొని పని దొరక్క తిరిగొచ్చినవాళ్లు కొందరు కలిశారు. కుర్చీలు సర్దడానికి, టికెట్లు అమ్మడానికి, టీ కాచడానికి ఒక మనిషి కావాలంటే వేలంపాట పాడే ఇసోబే కూతురు సుమియేను పెట్టుకున్నారు. చదువు పూర్తయి ఖాళీగా ఉన్న పిల్ల. తండ్రి గొంతు తనకూ వచ్చింది. రేవు ఆ చివర పిలిస్తే ఈ చివర పడవ ఆగేది.

మొదటి కచేరీ బడి వ్యాయామశాలలో పెట్టారు. గుమ్మంలో రబ్బరు బూట్లు గుట్టపడ్డాయి. జనం చాపల మీద మఠం వేసుకు కూర్చొని బుద్ధిగా విన్నారు. వాయించడం పూర్తయింది. ముందు నిలబడి చేతులతో వాద్యగాళ్లను నడిపించే కండక్టర్ చేతులు దించి ఇటు తిరిగాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అందరూ చేతులు మోకాళ్ల మీద అదిమిపెట్టుకొని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నచ్చక కాదు. ముందు చరిచినవాడికి ఇంతమందినీ, వాళ్ల డోళ్లనూ కట్టబెడతారేమోనని భయం. వేదిక మీద వాద్యగాళ్ల మొహాల్లో నెత్తురు చుక్క లేదు. వెనక తలుపు దగ్గర నిలబడ్డ సుమియే ఉండబట్టలేక, తండ్రి పద్ధతిలోనే, అరచెయ్యి మీద అరచెయ్యి పడేలా ఒక్క చరుపు చరిచింది. మరుక్షణం వ్యాయామశాల కప్పు ఎగిరిపోయేంత చప్పట్లు.

బయటికి వస్తూ ఎండుచేపలమ్మే ఒతోమి ఆమెను ఎగాదిగా చూసింది. "ఒసే పిల్లా, చరిచావుగా. ఇక సరుకు నీదే. మేపుకో."

మేపడమే సుమియే బతుకైంది. టీ కాచిన పిల్ల టికెట్ల పని చూసింది, టికెట్ల పని నుంచి కచేరీల ఏర్పాట్లకు ఎదిగింది, చివరికి ముఖ్య కార్యనిర్వహణాధికారి అయింది. ఇంత పొడుగు పేరు ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. "ఆర్కెస్ట్రా అక్క" అనే పిలిచారు. మీరేం వాయిస్తారని కొత్తవాళ్లు అడిగితే ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే: "నేనా? ఫోను వాయిస్తాను."

నిజంగానే ఆ వాద్యంలో ఆమెకు ఎదురులేదు. పేరున్న వాద్యగాళ్లను బతిమాలి రప్పించేది. వచ్చినవాళ్లు చలికి జడిసి పారిపోకుండా చూసేది. కుర్రవాద్యగాళ్లు రెండేళ్లు తిరక్కుండా టోక్యో వైపు మెడలు చాచేవాళ్లు. ఆమె వాళ్లకు ఇళ్లు వెతికిపెట్టింది, కారే కప్పులు దగ్గరుండి బాగు చేయించింది, ఓబో అనే సన్నాయి లాంటి వాద్యం వాయించేవాడికి నూడుల్స్ కొట్టు యజమాని కూతురినిచ్చి పెళ్లి చేయించింది. ఆ పిల్ల చేతి వంట తిన్నాక వాడు టోక్యో ఊసెత్తలేదు. ఆర్కెస్ట్రా నడపడమంటే కాపురాలు నిలబెట్టడమేనని సుమియే అనేది. పడవలు తిరిగొచ్చే పొద్దుటిపూట వేలం కొట్టంలోనే కచేరీ పెట్టింది. ఉప్పుగాలికి వయొలిన్లు పాడైపోతాయని వాద్యగాళ్లు ఒంటికాలి మీద లేచారు. లేచినవాళ్లే, వలలు భుజాన వేసుకొని నిలబడి వింటున్న మనుషుల్ని చూసి మరో పాట అదనంగా వాయించారు. ఒకసారి టోక్యో నుంచి వచ్చిన కండక్టర్ ఒకాయన, సాధన వేళ ముగిసినా ఇంకొంచెం ఇంకొంచెం అంటూ లాగుతుంటే, ఆమె నెమ్మదిగా వెళ్లి వేదిక దీపాలార్పేసింది. "క్షమించండి అయ్యా. ఈ ఊళ్లో పడవలూ వాద్యగాళ్లూ చెప్పిన వేళకు ఇల్లు చేరాలి," అంది నడుము వంచి దండం పెడుతూనే. ఊరికి సంగీతశాల కట్టినప్పుడు కుర్చీలు వెడల్పుగా ఉండాలని పట్టుబట్టి సాధించింది. చలికోటు ఒళ్లో పెట్టుకు కూర్చునే ఊరికి ఇరుకు కుర్చీలెందుకని ఆమె వాదం.

ఇన్నేళ్లలో ఒక్క కచేరీ కూడా ఆమె కూర్చొని వినలేదు. ఎప్పుడూ వెనక తలుపు దగ్గరే నిలబడేది. అక్కడ నిలబడ్డ మనిషికి సంగీతం తప్ప అన్నీ వినిపిస్తాయి. ఎవరికి దగ్గొస్తోంది, ఏ కుర్చీ కిర్రుమంటోంది, పైన గాలి మర ఎందుకు మూలుగుతోంది. వాయించడం ముగిసి కండక్టర్ చేతులు దించగానే ఆమె ఒక్క చరుపు చరిచేది, అప్పుడు జనం అందుకునేవాళ్లు. అది కురోత్సు ఆనవాయితీ అయిపోయింది. ఆర్కెస్ట్రా ఎవరిదని అడిగితే నగర సభదనీ కాదు, దాన్ని నడిపే బోర్డుదనీ కాదు. మొదట చరిచిన చెయ్యి ఎవరిదో వాళ్లదని రేవులో తాపీగా చెప్పేవాళ్లు.

ఆమె పదవి విరమించే ఏడాదిలోనే ఆర్కెస్ట్రాకు గండం వచ్చింది. కొత్త మేయరు హమనాక టెట్సుజో దాన్ని జిల్లా కేంద్రంలోని పెద్ద ఆర్కెస్ట్రాలో కలిపేద్దామన్నాడు. ఆయన పరాయివాడేమీ కాదు. రేవులో చేపల టోకు వ్యాపారి, సుమియే తండ్రి పాడిన వేలంలో అందరికంటే చురుకైన చెయ్యి ఆయనదే. చరిచిన చరుపు ఒక్కసారైనా వెనక్కి తీసుకోలేదని ఊరంతా చెప్పుకుంటుంది, ఆయనా చెప్పుకుంటాడు.

"ఒకే కుండకు ఇద్దరు వంటవాళ్లెందుకు సుమియే?" అన్నాడు ఆమెను గదికి పిలిపించి. "మనవాళ్లలో ఎవరి పనీ పోదు. పేరొక్కటే పోతుంది. పేరుదేముంది?"

"అయితే మీ పడవల మీద పేరు చెరిపేసి జిల్లా కేంద్రం పేరు రాయించండి మేయరుగారూ. రేపు పొద్దున ఎవరెక్కుతారో చూద్దాం."

మేయరు నవ్వాపుకోలేకపోయాడు. "నీ నోరు మీ నాన్న నోరే. సరే, ఉన్నమాట చెప్తాను విను. ఇరవై ఏళ్లుగా మీ కచేరీలకు వస్తున్నాను. చివరి వరసలో కూర్చుంటాను. నువ్వు చరుస్తావు, అందరూ చరుస్తారు. నా చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా దానంతటది లేవలేదు. నచ్చకుండా చెయ్యి చరిచే మనిషిని కాదు నేను."

సుమియేకు కోపం రాలేదు. ఆయన మర్యాద కోసం కూడా ఎన్నడూ చప్పట్లు కొట్టలేదని, చేతులు కోటు జేబుల్లోనే ఉంటాయని తలుపు దగ్గర నిలబడే ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నామా అని చాలాసార్లు దిగులుపడింది కూడా.

"వచ్చే నెల టోక్యోలో మన కచేరీ ఉంది. అది విన్నాక తేల్చండి," అంది.

"వస్తాను. విన్నాకే ఆ విలీనం కాగితం మీద సంతకం సంగతి. మాటంటే మాటే."

టోక్యో కచేరీ అంటే కురోత్సు లాంటి ఊళ్ల ఆర్కెస్ట్రాలకు పెళ్లిచూపుల్లాంటిది. ఏడాదికొకసారి రాజధానికి వెళ్లి, బాగా విన్న చెవుల ముందు కూర్చోవాలి. ఊరు ఊరంతా బస్సులు కట్టించుకొని బయలుదేరింది. జేబుల్లో, సంచుల్లో ఎండు కణవ చేపలు, అన్నపు ముద్దలు, ఫ్లాస్కుల్లో టీ. బయలుదేరే ముందు బోర్డు అధ్యక్షుడు మదొకొరో బస్సెక్కి హితబోధ చేశాడు. ఆయన బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, పరువంటే పంచప్రాణాలు.

"టోక్యోలో మన పరువు తీయొద్దు. మధ్యమధ్య ఆపినప్పుడు చప్పట్లు లేవు. మాటలు లేవు. కణవలు నమలడం అసలే లేదు."

"ఊపిరి పీల్చుకోవచ్చా బాబూ?" అని అడిగింది ఒతోమి వెనక సీట్లోంచి. ఆమెకు ఎనభై దాటాయి, చెవులు మాత్రం పాము చెవులు.

మదొకొరో విననట్టు సుమియే వైపు తిరిగాడు. "మీరు కూడా ఈసారి తలుపు దగ్గర నిలబడొద్దండీ. అక్కడ ఆ హాలువాళ్లే ఉంటారు. మేయరుగారి పక్కన ముందు వరసల నడిమధ్య మంచి సీటు తీసిపెట్టాను. పదవిలో ఇదే మీ ఆఖరి టోక్యో కచేరీ. దర్జాగా కూర్చోండి."

కాదనడానికి ఆమెకు సందు దొరకలేదు. ఆదివారం మధ్యాహ్నం, జీవితంలో మొదటిసారి, తన ఆర్కెస్ట్రా ముందు ఒక కుర్చీలో కూర్చుంది. కూర్చున్నాక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కన మేయరు కోటు జేబుల్లో చేతులు దోపుకొని ఉన్నాడు. చుట్టూ ఊరివాళ్లే, పక్క వరసల్లో టోక్యో శ్రోతలు. వాయించడం ముగిసి కండక్టర్ చేతులు పూర్తిగా దించేదాకా దయచేసి చప్పట్లు కొట్టవద్దని హాలువాళ్లు చెప్పారు. టోక్యోవాళ్లకు ఆ ఆఖరి నిశ్శబ్దం ప్రాణం. దాన్ని ఎవడైనా ముందే చెడగొడితే ఏడాదిపాటు తిట్టుకుంటారు.

మొదట్లో ఆమె అలవాటు కొద్దీ దగ్గులే విన్నది. ఒక దగ్గు ఒతోమిది అని పోల్చుకుంది కూడా. తర్వాత ఓబో మొదలైంది. నూడుల్స్ కొట్టు అల్లుడు ఊపిరి తీసుకోవడం వినపడేంత దగ్గరలో కూర్చుందామె. ఇన్నేళ్లూ ఇతని ఇంటి కప్పు గురించీ, పిల్లల జలుబుల గురించీ తెలుసుకుంది గాని, ఇతనిలా పలికిస్తాడని తెలుసుకోలేదు. దగ్గులు వినడం మానేసింది. గాలి మర సంగతి మరిచిపోయింది. వెనక వరస తీగ వాద్యాలు, పొద్దున్నే వలలు లాగేవాళ్లు ఊపిరి కలిపినట్టు, అందరూ ఒక్క బిగిన కదిలారు. వీళ్లు నావాళ్లు అనుకుంది. అలా అనుకున్నందుకు ఆమెకు సిగ్గు కూడా వేయలేదు.

పక్కన మేయరు ముందుకు వంగాడు. "ఆ పెద్ద వయొలిన్ మనిషి మియాటే కదూ? మంచులో నా లారీ కూరుకుపోతే భుజం పెట్టి తోశాడు," అని గొణిగాడు. కాసేపయ్యాక మళ్లీ, "ఆ క్లారినెట్ పిల్ల మా కొట్లోనే కణవలు కొంటుంది," అన్నాడు. మాట్లాడొద్దని ఆమె వేలు చూపించింది. ఇంటి దగ్గర చివరి వరసలో మేయరుకు వాళ్లు వాద్యగాళ్లు. ఇక్కడ, మొహం తెలియని జనం మధ్య, వాళ్లు తన ఊరి మనుషులు. పరాయివాళ్ల ముందు సొంతపిల్లలు నిలబడితే ఎవరి గుండెకైనా కళ్లు వస్తాయి.

ఆ రోజు వాళ్లు వాయించిన సింఫొనీ చివర్లో గొంతు పెంచదు. తగ్గిస్తూ, తగ్గిస్తూ, కింది తీగల మీద ఒక్క స్వరం దగ్గర ఆగి, అదీ ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగిపోతుంది. ఆగిపోయింది. కండక్టర్ చేతులు నెమ్మదిగా దిగాయి. పూర్తిగా దిగాయి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఊరి జనం సుమియే చరుపు కోసం చూస్తున్నారు. ఆమె చరవనిదే వాళ్ల చేతులు లేవవు. సుమియే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చరవాలన్న సంగతే ఆమెకు గుర్తు లేదు. టోక్యో శ్రోతలేమో, ఇంతమంది కదలకుండా కూర్చున్నారంటే ఇదేదో తమకు తెలియని గొప్ప మర్యాద కాబోలనుకొని ఊపిరి బిగబట్టారు. పిల్లి మెడలో గంట కట్టేవాడు లేడు. మదొకొరో తలప్రాణం తోకకొచ్చింది. మెడ తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పుతూ సుమియేనే చూస్తున్నాడు.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. చేతులు పైకి లేచాయి. ఎదురెదురుగా వచ్చాయి. అప్పుడే పక్కన ఏదో కదిలినట్టయి చూసింది. మేయరు చేతులు జేబుల్లోంచి బయటికొచ్చి ఉన్నాయి. మోకాళ్ల మీద తెరుచుకొని, ధర ఇంకెంత దిగుతుందోనని చూసే వ్యాపారి చేతుల్లా కాచుకొని ఉన్నాయి. ఆ చేతుల్ని ఆమె చిన్నప్పటి నుంచి ఎరుగును. తండ్రి పాట పాడేటప్పుడు ఆ మనిషి సరుకు కావాలనుకుంటే సరిగ్గా ఇలాగే కూర్చునేవాడు.

సుమియే తన చేతులు దించి ఒళ్లో పెట్టుకుంది.

అది తేలిక కాలేదు. వేదిక మీద తన మనుషులు నిలబడి ఉన్నారు, వాళ్ల మొహాలు మొదటి కచేరీ నాటిలాగే పాలిపోతున్నాయి. ఒక్క చరుపు చాలు వాళ్లను కాపాడటానికి. కాని తన చరుపు పదవి దిగేదాకా, ఇంకో నెలే చెల్లుతుంది. ఆ తర్వాత వీళ్లకు దిక్కెవరు? పళ్ల బిగువున చేతులు కదలనివ్వలేదు.

మేయరు ఇక ఆగలేకపోయాడు. వేలం కొట్టంలో మోగినట్టే, ఒక్క చరుపు. హాలు నాలుగు మూలలా తగిలి తిరిగొచ్చింది.

ఆ వెంటనే కురోత్సు కురోత్సంతా అందుకుంది. టోక్యోవాళ్లు లేచి నిలబడ్డారు. వేదిక మీద ఓబో మనిషి నిలబడ్డ చోటే ఏడ్చేశాడు. కండక్టర్ మళ్లీ మళ్లీ వచ్చి నడుము వంచాల్సి వచ్చింది. తన జన్మలో అంత లోతైన నిశ్శబ్దం వినలేదని టోక్యో పెద్దాయన ఒకాయన మదొకొరో చెయ్యి పట్టుకొని చెప్పాడు. మదొకొరో, అది తన ఏర్పాటే అయినట్టు, వినయంగా తలూపాడు.

వాకిలి దగ్గర సుమియే అలవాటు ప్రకారం నిలబడి, వెళ్లేవాళ్లందరికీ వంగి దండం పెడుతోంది. మేయరు బయటికి వచ్చేసరికి రేవు జనం ఆయన్ను చుట్టుముట్టారు. ఒతోమి కర్ర తాటిస్తూ ముందుకొచ్చింది.

"ముందు చరిచింది ఎవరు?"

"మేయరే," అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

"టెట్సుజో, చరిచావుగా. ఇక సరుకు నీదే. మేపుకో."

జనం గొల్లున నవ్వారు. మేయరు నవ్వలేదు. తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు, ఎవరివో చూసినట్టు. తర్వాత సుమియే దగ్గరికి వచ్చాడు.

"నన్ను ఇరికించావు కదూ?"

"నేనేం చేశాను? చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను."

"అదే నేనంటున్నది. మరిచిపోయి కూర్చున్నావా, కావాలని కూర్చున్నావా?"

"మొదట మరిచిపోయాను. తర్వాత కావాలని."

అబద్ధం చెబితే బాగుండేదేమో, ఆమె చెప్పలేదు.

"దానంతటదే లేచింది సుమియే," అన్నాడు, గొంతు తగ్గించి. "నేను లేపలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టను. జిల్లా కేంద్రంవాళ్లకు ఏదో ఒకటి చెప్పుకుంటాలే. నా చరుపు ఒక్కటీ వెనక్కి పోలేదు, ఇదీ పోదు."

"పేరో?"

"నా సరుకుకు వేరేవాడి పేరెందుకు?" అని కసిరి, బస్సు వైపు నడిచాడు. వెళ్లినవాడు మళ్లీ వెనక్కి వచ్చాడు. "ఆ ఓబో అబ్బాయి ఇంటి కప్పు ఇంకా కారుతోందా? రేపు మనిషిని పంపుతాను."

సుమియే ఒంటరిగా మిగిలింది. బరువు దిగింది గాని, భుజానికి దాని అలవాటు పోలేదు. ఇన్నేళ్లు తనదైన సరుకు చేతులు మారింది. మంచి చేతుల్లోనే పడింది. ఊరు దాన్ని మేపుకుంటుంది. తాను ఎత్తుకు పెంచిన బిడ్డ తనను అడగకుండానే నడుచుకుంటూ వెళ్తున్నట్టు గర్వంగా ఉంది.

పక్క తలుపులోంచి వాద్యగాళ్లు పెట్టెలు మోసుకుంటూ ఒక్కొక్కరే వస్తున్నారు. అలిసిపోయి, నవ్వుతూ, ఆకలేస్తోందని ఒకరితో ఒకరు చెప్పుకుంటూ. వాళ్లను చూడగానే ఆమెకు గుర్తొచ్చింది, ఈ రోజు అందరూ కొట్టిన చప్పట్లలో తన చప్పట్లు లేవు. సంచి కింద పెట్టింది. అందరికంటే ఆఖర్న, కొనడానికీ కాదు, జనానికి దారి చూపడానికీ కాదు, పసిపిల్లలకు కూడా వద్దని చెప్పే ఊరి మనిషి, చేతులు నొప్పిపుట్టేదాకా ఊరికే చరిచింది.